పీట కింద తేలు

పూర్వం ఒక రేవు పట్నానికి ఏడు దేశాల ఓడలు వచ్చేవి. ఆ నావికులందరూ ఒకరితో ఒకరు దగ్గర్లోని ఒక దీవి భాషలోనే మాట్లాడుకునేవాళ్ళు, ఎవరి యాసలో వాళ్ళు. అక్కడ దుబాసీ కొలువు కావాలంటే మాత్రం విరూపాక్ష పండితుడి దగ్గర పరీక్ష నెగ్గాలి. ఆయన పక్కనే కూర్చుని పరీక్ష పెట్టడం నేర్చుకుంటున్నాడు కొత్త పంతులు నాగేశం.

ఒకరోజు పడవ నడిపే ముత్యాలు పరీక్షకి వచ్చింది. భుజం దెబ్బతిని ఇక తెడ్డు వెయ్యలేదు పాపం, ఈ కొలువే దిక్కు. అడిగినవాటన్నిటికీ దీవి భాషలో గడగడా జవాబులు చెప్పింది. నాగేశం సంబరంగా పదికి ఎనిమిది వేశాడు.

పండితుడు మండిపడ్డాడు. "దీవిలో పుట్టినవాళ్ళు ఇలా పలుకుతారటోయ్? ఈ రేవు యాసలో ఒక్క ముక్క అర్థమై చస్తేగా! కొట్టేసి సున్నా వెయ్యి."

నాగేశానికి చెయ్యి రాలేదు. ఇంట్లో అతను మాట్లాడేదీ ఆ యాసే.

ముత్యాలు లేచి దణ్ణం పెట్టి, అదే యాసతో దీవి భాషలో మెల్లగా అంది: "అయ్యగారూ, మీ పీట కింద తేలు ఉంది."

పండితుడు పంచె ఎగ్గట్టి ఒక్క గెంతులో మూలనున్న భోషాణం ఎక్కేశాడు.

"ఒక్క ముక్కా అర్థం కాలేదన్నారు. మరి అక్కడికి ఎందుకు ఎక్కారయ్యా?" అంది ముత్యాలు.

నాగేశం నవ్వు ఆపుకుంటూ, "ఎంత వెయ్యమంటారండీ?" అని అడిగాడు.

"పదికి పది వేసెయ్యి," అన్నాడు పండితుడు దిగకుండానే. "ముందు ఆ పీట ఎత్తి చూడు!"