మూఢంలో కొన్న తెల్లబండి

లక్షా ఎనభై వేలు. ఓబులేసు అనే కుర్ర గాడిద నాలుగేళ్ళపాటు కుందేళ్ళ టమాటాలు వీపున మోసి కూడబెట్టిన సొమ్ము అది. ఆ సొమ్ము సంచిలో వేసుకుని, పక్క కొట్టంలో ఉండే ఎద్దు కోటయ్యను వెంటబెట్టుకుని, అడవి అంచున ఉన్న బళ్ళ షోరూముకు వెళ్ళాడు. షోరూము పెద్దపులిది. బళ్ళు అమ్మేది మాత్రం జంబయ్య అనే నక్క.

నెలాఖరుకు టమాటా కోతకొస్తుంది. ఆలోగా పికప్పు బండి తేకపోతే పంటంతా గుర్రం లారీకి ఎత్తేస్తామని కుందేళ్ళు ముందే చెప్పేశాయి.

జంబయ్య గాడిదను కింది నుంచి పైకి చూశాడు. "ఏరా, నీళ్ళ కోసమా? తొట్టి బయటుంది."

"బండి కోసం."

నక్క గొంతు మారింది. "రా తమ్ముడూ, కూర్చో. ఈ తెల్లబండి నీ కోసమే ఆగినట్టుంది. ధర ఆరు లక్షలు. అన్నీ కలిపి ఏడు లక్షల ఇరవై వేలు."

"ఆ పై లక్షా ఇరవై వేలు దేనికన్నా?"

"రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, సీటు కవర్లు, బంపరు, హ్యాండ్లింగ్ ఛార్జీలు."

"హ్యాండ్లింగ్ అంటే?"

"బండిని పెద్ద లారీలోంచి ఇక్కడ దించడం. పదిహేను వేలు."

"నాకు బుట్ట దించితే రూపాయి ఇస్తారు," అన్నాడు ఓబులేసు. "మీ దగ్గర దింపుడు పని ఏదైనా ఖాళీ ఉంటే చెప్పు, బండి మానేసి అందులో చేరిపోతా."

కోటయ్య నవ్వబోయి దగ్గాడు.

"చేతిలో ఉన్నది కట్టు. మిగతాది వాయిదాలు," అన్నాడు జంబయ్య. "నెలకు పదిహేను వేలే. ఐదేళ్ళు. నీకు తెలియకుండానే తీరిపోతుంది."

ఓబులేసు చెవులు ఒకసారి ఊపాడు. "మొత్తం తొమ్మిది లక్షలు. అంటే ఐదు లక్షల నలభై వేల అప్పుకు మూడు లక్షల అరవై వేలు వడ్డీ. నాకు తెలియకుండా ఎలా తీరుతుందన్నా?"

నక్క ఇక లెక్కల జోలికి పోలేదు. గోడ మీది క్యాలెండరు వైపు తోక చూపించాడు. "నీ ఇష్టం. కానీ రేపటి నుంచి మూఢం, రెండు నెలలు. మూఢంలో బండి కొన్నవాడు బాగుపడ్డాడని ఎక్కడైనా విన్నావా? సాయంత్రంలోగా సంతకం పెట్టెయ్. పొద్దున్నుంచి ఎలుగుబంటి, మేకలు, అడవిపంది అందరూ పెట్టేశారు."

కోటయ్య గాడిద చెవిలో గొణిగాడు. "పెట్టెయ్‌రా అబ్బాయ్. నన్ను మా రైతు కొన్నది మూఢంలోనే. నా బతుకు చూస్తున్నావుగా."

ఓబులేసు క్యాలెండరు వైపు చూశాడు. "ఈ మూఢం సంగతి అందరికీ చెప్పావా అన్నా?"

"ఆటోకి మైకు కట్టించి అడవంతా చెప్పించా," అన్నాడు జంబయ్య గర్వంగా.

"అయితే రేపటి నుంచి ఇక్కడికి ఎవరూ రారు."

"పురుగు కూడా రాదు."

"సరే. నేనొస్తాలే," అని ఓబులేసు సంచి తీసుకుని లేచాడు.

అందులోని మెలిక జంబయ్యకు వారం దాకా అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోను చేశాడు. "ఏరా ఓబులేసూ, సీటు కవర్లు ఊరికే ఇస్తా." చూద్దామన్నాడు గాడిద. ఇంకో వారానికి, "ఓబులేసు తమ్ముడూ, హ్యాండ్లింగ్ తీసేస్తా." చూద్దామన్నాడు. ఆ తర్వాత, "ఓబులేసు గారూ, భోంచేశారా?" ఈసారి ధర మాటే లేదు.

"ఒరే, కుందేళ్ళు గుర్రంతో మాట్లాడుతున్నాయట," అన్నాడు కోటయ్య. "నీ లెక్క తప్పితే మళ్ళీ బుట్టలే."

"తప్పితే మోస్తా మామా. కానీ నెలాఖరున పులి సేటు ఎన్ని బళ్ళు పోయాయో చూస్తాడు. బళ్ళు పోకపోతే ఆయన చూపు పోయేది నక్క మీదికే."

నెల చివరి రోజు సాయంత్రం ఇద్దరూ షోరూముకు వెళ్ళారు. లోపల ఈగలు తప్ప ఎవరూ లేరు. జంబయ్య ఒక్కడే తెల్లబండిని తుడుస్తున్నాడు. మేడ మీది నుంచి పులి గొంతు వినిపించింది. "జంబయ్యా, మూఢం వచ్చాక ఒక్క బండీ కదల్లేదు. రాత్రి భోజనానికి నేనింకా ఏమీ చెప్పలేదు కూడా."

ఓబులేసు గొంతు తగ్గించాడు. "బండికి ఐదు లక్షల అరవై వేలు. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కలిపి అరవై వేలు, రసీదులు చూపిస్తే ఇస్తా. మొత్తం ఆరు లక్షల ఇరవై వేలు. అప్పు మీరు ఇప్పించక్కర్లేదు, పాల సొసైటీ ఆవుల దగ్గర తక్కువ వడ్డీకి మాట్లాడుకున్నా."

"లక్ష తగ్గిస్తే నేనేం తినాలండీ?"

"మీరు తినే సంగతి తర్వాత. మిమ్మల్ని తినే సంగతి చూసుకోండి."

మేడ మెట్ల మీద అడుగుల చప్పుడైంది. జంబయ్య ఆ ధరకే సంతకం పెట్టేశాడు.

"మూఢం కదరా," అన్నాడు కోటయ్య ఇంకా నమ్మలేక.

"మూఢం పెళ్ళిళ్ళకు మామా, టమాటాలకు కాదు. లక్ష మిగిల్చిన రోజుకన్నా మంచి ముహూర్తం ఏముంటుంది?"

జంబయ్య నీరసంగా నాలుగు నిమ్మకాయలు తెచ్చి టైర్ల కింద పెట్టబోయాడు.

"ఆగండి. కాయ ఐదు రూపాయలు పలుకుతోంది, తొక్కించడమెందుకు? వెనక వెయ్యండి. మొదటి సరుకు."

నక్క వంగి, ఒక్కో కాయా ఏరి వెనక వేశాడు. పులి మెట్ల మీద నిలబడి చూస్తున్నది బండిని కాదు, నక్క తోకను.

కొనేవాణ్ణి తొందరపెట్టేవాడికే తొందర ఎక్కువ. ఓబులేసు మాత్రం నింపాదిగా సీటు సర్దుకున్నాడు, కోటయ్యను పక్కన ఎక్కించుకున్నాడు, తాళం తిప్పి కుందేళ్ళ తోట వైపు మొదటి గేరు వేశాడు.