ముందు చేరిన రెల్లు బాణం

ఫాల్గుణ బహుళ తదియ నాడు, ఇంకా మంచు ఆరని వేళ, దొంతికొండ వాలులో కౌజుపిట్ట తిరుపాలమ్మకు అన్యాయం జరిగింది. మేతకు వెళ్ళి వచ్చేసరికి ఆమె గూడు లేదు. గూడున్న చోట గొయ్యి ఉంది, గొయ్యి పక్కన ఏడు గుడ్ల పెంకులు ఉన్నాయి, పెంకుల పక్కన గండప్ప డెక్కల గుర్తులు ఉన్నాయి.

గండప్ప అంటే అడవిపంది. వాడికి ఆ గుడ్ల మీద ప్రత్యేకంగా పగేమీ లేదు. దుంపల కోసం మూతితో నేల దున్నుకుంటూ పోతుంటే దారిలో ఒక సంసారం తగిలింది, దాన్నీ తినేసి పోయాడు. బలిసినవాళ్ళు కూల్చే కొంపలన్నీ ఇలా దారిలో తగిలినవే.

తిరుపాలమ్మ మొగుడు రెండు రోజులు ఏడ్చి, ఆ తర్వాత ఎప్పటిలాగే గుట్టెక్కి కూతలు పెట్టుకోసాగాడు. తిరుపాలమ్మ ఏడవలేదు. ఉగాది నాటికి అదే వాలులో, అదే గడ్డి దుబ్బు కింద మళ్ళీ గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంది. వేరే చోటు చూసుకోవచ్చు కదా అని కుందేళ్ళు సలహా చెప్పాయి. చోటు మారాల్సింది నేనా, పందా అని ఆమె అడిగింది. కుందేళ్ళు చెవులు వేలాడేసుకుని వెళ్ళిపోయాయి. వాటి దగ్గర సలహాలే ఉంటాయి, జవాబులు ఉండవు.

గండప్పను ఎవరూ ఆపలేకపోయింది ఆయుధం లేక కాదు. ఎప్పుడో ఒక వేటగాడు పులి గాండ్రింపు విని విల్లూ అమ్ములపొదీ పారేసి పరుగెత్తాడు. ఆ విల్లును లాగి వంచగల చేతులు అడవిలో ఎలుగుబంటి గంగులుకు మాత్రమే ఉన్నాయి. గంగులుకు బలం ఉంది, మంచి మనసూ ఉంది. ఆలోచన మాత్రం ఎప్పుడూ పక్కవాడిదే. ఆ పక్కవాడు నక్క పరంధామం.

బాణాల సంగతి తనొక్కడికే తెలుసని పరంధామం అడవినంతా నమ్మించాడు. జన్మలో ఒక్కసారి విల్లు పట్టిన పాపాన పోలేదు, కానీ పట్టినవాడికంటే బాగా మాట్లాడతాడు. ఆయన మంత్రం ఒకటే, వేగం. సన్నటి రెల్లు కాడ, చివర చిలక ఈక, ముందు చేపముల్లంత ములుకు. వదిలితే కంటికి ఆనదు, ఈల వేసుకుంటూ పోతుంది. ఆ ఈల వింటే కోతులకు ఒళ్ళు పులకరిస్తుంది. ఇంతటి విద్వాంసుడు తిండి వెతుక్కుంటూ తిరిగితే అడవికే అవమానమని, రోజూ ఎవరో ఒకరు ఆయన బొరియ ముందు పీతలు పెట్టి దండం పెట్టి వచ్చేవారు.

ఆ బాణం అందరికీ నచ్చడానికి అసలు కారణం ఇంకొకటుంది. దాన్ని ఎవరూ పైకి అనరు. రెల్లు బాణం చాలా దూరం పోతుంది. అంత దూరం నుంచి వేస్తే పంది మొహం చూసే అవసరం లేదు.

గండప్ప ఒళ్ళు మామూలు ఒళ్ళు కాదు. పొద్దున్నే తపసి చెట్టుకు జబ్బలు రాసుకుంటాడు, కారే బంకంతా అంటుకుంటుంది. ఆ బంక మీద మడుగులో పొర్లుతాడు, తర్వాత ఎండలో పడుకుంటాడు. మర్నాడు మళ్ళీ అదే పని. అలా పొర మీద పొర పేరుకుని, వాడి జబ్బల మీద రాతి పలకల్లాంటి చిప్పలు తయారయ్యాయి.

గంగులు మొదటిసారి వేసిన బాణం ఆ చిప్పలో అంగుళం కూడా దిగలేదు. గండప్ప చెట్టుకు గీరుకుంటే ఊడి కిందపడింది. వేగం చాలలేదన్నాడు పరంధామం. కాడను ఇంకా సన్నగా చెక్కించాడు. రెండోది తగిలి ఎగిరి పక్కనున్న పొదలో పడింది. వేగం ఇంకా చాలలేదన్నాడు. మూడోది గడ్డిపరక కంటే కొంచెం నయం అన్నంత తేలిగ్గా చేయించాడు. గంగులు వదిలాడో లేదో విల్లు ఫట్టుమని అరిచింది, వాడి మణికట్టు జివ్వుమంది. ఆ చప్పుడుకే గండప్ప పక్కకు తిరిగి తన దారిన పోయాడు. బాణం తీరిగ్గా వచ్చి ఖాళీ నేలలో గుచ్చుకుంది.

ఆ రోజు వింటి లోపలి వంపులో వెంట్రుకంత బీట పడింది. తిరుపాలమ్మ చూసింది. విల్లు ఇచ్చే ఊపును మోసుకుపోయేంత బరువు బాణంలో లేకపోతే, ఆ ఊపు తిరిగి వింటినే తన్నుతుందని ఆమెకు అనిపించింది. అదే మాట పైకి అంది. విల్లు కూడా వేగానికి అలవాటు పడాలి మరదలా, అని పరంధామం మీసం దువ్వాడు. కోతులు నవ్వాయి.

ఈలోగా గండప్ప దున్నుతున్న చాలు రోజురోజుకీ ముందుకు జరుగుతోంది. గూటికీ దానికీ మధ్య మిగిలింది నాలుగు గడ్డి దుబ్బులు.

అమ్ములపొదిలో వేటగాడి సొంత బాణం ఒకటి ఉండిపోయింది. లోపల బోలు లేని గట్టి వెదురు, బొటనవేలంత ఇనుప ములుకు. దాన్ని పరంధామం రోకలి అని పేరు పెట్టి అవతల పారేస్తే, గంగులు తేనెపట్లు పొడుచుకోవడానికి, వీపు గోక్కోవడానికి వాడుకుంటున్నాడు. చెదపుట్టలు పగలగొట్టేదీ దానితోనే. గంగులు పుట్ట పొడిస్తే, వెనకాలే వెళ్ళి చెదలు ఏరుకునేది తిరుపాలమ్మ. ఎండకు రాయైపోయిన పుట్టలో కూడా ఆ ములుకు ఎంత లోపలికి పోతుందో ఆమె ముక్కుకు తెలుసు.

ఆమె సభ పెట్టించింది. ఒకే విల్లు, ఒకే చెయ్యి, రెండు బాణాలు వేసి చూద్దాం అంది. పంది గీరుకునే చెట్టు దగ్గర రాలిన బంక బురదను తెచ్చి ఒక పుట్టకు మెత్తించి ఎండబెట్టించింది. పరంధామం సరేనన్నాడు. కాకపోతే గెలుపు ఎలా తేల్చాలో తను చెబుతానన్నాడు. నారి మోగినప్పటి నుంచి బాణం తగిలేదాకా కోతులు చప్పట్లు కొట్టాలి. తక్కువ చప్పట్లలో చేరిందే మంచి బాణం. సభ ఒప్పుకుంది. వేటంటే పరుగుపందెం కాదు కదా అని ఒక్కరికీ తోచలేదు.

రెల్లు బాణానికి రెండు చప్పట్లు పట్టాయి. వెదురు బాణానికి మూడు. పైగా అది గురిపెట్టిన చోటు కంటే జానెడు కిందకు దిగి తగిలింది. కోతులు కొమ్మలు ఊపి గోల గోల చేశాయి. పరంధామం వినయంగా తల వంచుకున్నాడు, అంటే అందరికీ కనిపించేంత వినయంగా.

తిరుపాలమ్మ మాత్రం పుట్ట దగ్గరకు నడిచింది. రెల్లు బాణం పీకిన రంధ్రంలో ముక్కు పెట్టింది, కొసే మునిగింది. వెదురు బాణం పీకిన రంధ్రంలో పెట్టింది, కళ్ళదాకా మునిగింది. ఇంకా లోపల చీకటి ఉంది.

"లోతు చూడండి. కావాలంటే మీ వేళ్ళు పెట్టి చూసుకోండి," అంది.

"పందిని చంపడమా, పుట్టలో ముక్కు పెట్టడమా, మన పని ఏది మరదలా? ముందు చేరింది ఎవరిది, అది చెప్పు," అన్నాడు పరంధామం.

"రివ్వున ఎగిరొచ్చే దోమ ముందు చేరుతుంది, నడిచొచ్చే ఏనుగు తర్వాత చేరుతుంది. ఏది తగిలితే నువ్వు పడతావు? నీ బాణానికి గడప దగ్గరే ఆయాసం వస్తోంది. ఇంట్లోకి పోయే ఓపిక దానికి లేదు."

ఆడపిట్టకు నోరెక్కువైందని ఒక ముసలి కోతి గొణిగింది. సభ తీర్పు చెప్పేసింది, గండప్ప మీద వేసేది రెల్లు బాణమే. ఎలుగుబంటి తల దించుకుని మాట ఇచ్చాడు.

తిరుపాలమ్మ రెక్కలు సర్దుకుంది. తర్వాత ఆమె గొంతు తేనెలో ముంచి తీసినట్టు వచ్చింది, జన్మలో మొదటిసారి నక్కను వరస పెట్టి పిలిచింది.

"పరంధామం బావా, నాదే తప్పు. నీ బాణం రెప్పపాటులో చేరుతుంది కదా. అంటే పంది అడుగు తీసి అడుగు వేసేలోపే పడిపోతుంది. అప్పుడు దానికి ఎదురుగా నిలబడినవాడికి భయం ఉండదు. ఎదురుగా ఎవరైనా ఉంటేనే అది అటు తిరిగి, గంగులుకు పక్క చూపిస్తుంది. ఆ మర్యాద నీది కాక ఇంకెవరిది?"

కోతులు అప్పుడే చప్పట్లు మొదలుపెట్టాయి. పరంధామం వెనక్కి చూశాడు, అక్కడ కుందేళ్ళు ఉన్నాయి. పక్కకు చూశాడు, అక్కడా జనమే. కుదరదంటే తన బాణం మీద తనకే నమ్మకం లేదని చెప్పినట్టవుతుంది. సంతోషం, అన్నాడు.

ఆయన నిలబడే చోటు కూడా తిరుపాలమ్మే చూపించింది. వెనక ఎత్తైన బండ, అందరికీ బాగా కనబడతావు బావా అంది. గంగులును తన గూటి పక్కనున్న పొదలోనే కూర్చోమంది. అంత దగ్గరగానా అని వాడు నీళ్ళు నమిలాడు.

"నేను గుడ్ల మీద అక్కడే కూర్చుంటున్నాను నాయనా. నువ్వు నాకంటే కాస్త పెద్దవాడివే."

గంగులు సిగ్గుపడ్డాడు. ఆమె వాడి చెవి దగ్గరకు ఎగిరి ఇంకో రెండు ముక్కలు చెప్పింది. మొదట సభ చెప్పిన బాణమే వెయ్యి, మాట తప్పకు. వెదురుది పక్కన పెట్టుకో, అది కిందకు దిగుతుంది గనక కాస్త పైకి గురిపెట్టు. కానీ పరంధామం తన నోటితో అడిగేదాకా వదలకు.

మర్నాడు పొద్దున గండప్ప వచ్చాడు. మూతి నేలలో, తోక గాలిలో, చాలు సూటిగా గూటి వైపు. రెండు దుబ్బులు పెళ్ళగించాడు. మూడోది పెళ్ళగించాడు. తిరుపాలమ్మ పొట్ట కింద గుడ్లు వెచ్చగా ఉన్నాయి, ఆమె కదలలేదు. బండ ముందు పరంధామం గొంతు సవరించుకున్నాడు. గండప్ప తలెత్తి అటు తిరిగాడు, పక్క మొత్తం గంగులుకు కనబడింది.

రెల్లు బాణం ఈల వేసుకుంటూ వెళ్ళింది. కోతుల రెండో చప్పట పూర్తి కాకముందే జబ్బకు తగిలింది, పుల్లలా విరిగింది. గండప్ప ఈగ వాలిందనుకుని చర్మం ఒకసారి ఆడించాడు. తర్వాత ఎదురుగా ఉన్న నక్కను చూశాడు.

చెట్ల మీద చప్పట్లు ఆగిపోయాయి. గండప్ప ఉరికాడు. పరంధామం ఎడమకు దూకాడు, వాడు ఎడమకు తిరిగాడు. కుడికి దూకాడు, వాడు కుడికి తిరిగాడు. వెనక బండ, ముందు కోరలు.

"గంగులూ, వెయ్యరా!"

పొదలోంచి ఎలుగుబంటి చాలా మర్యాదగా అడిగాడు. "ఏది వెయ్యమంటారు పరంధామం గారూ? ముందు చేరేదా, లోపలికి దిగేదా?"

"దిగేది! ఆ రోకలే వెయ్యరా నీకు పుణ్యముంటుంది!"

అడవంతా వింది. కోతులు విన్నాయి, కుందేళ్ళు విన్నాయి, గుట్ట మీద కూత పెడుతున్న మొగుడు కౌజు కూడా నోరు మూసి విన్నాడు.

వెదురు బాణానికి ఈల లేదు. విల్లు కూడా గట్టిగా అరవలేదు, పని దొరికినవాడిలా చిన్నగా మూలిగింది. బాణం పోవడం అందరికీ కనబడింది, అంత నిదానంగా పోయింది. జబ్బ వెనక చిప్పను పగలగొట్టుకుని దిగి, అవతలి పక్కనుంచి ములుకు బయటపెట్టి ఆగింది. గండప్ప నాలుగు అడుగులు వేసి బండకు గుద్దుకుని పడ్డాడు. పడుతూ పడుతూ కోరతో పరంధామం తోక సగం నేలకు కుట్టేశాడు. ఆ సగాన్ని అక్కడే వదిలి మిగతా నక్క బయటపడింది.

ఆ సాయంత్రమే పరంధామం సభకు వచ్చాడు. తోక కనబడకుండా కూర్చుని, వేటలో బరువు ప్రాధాన్యం గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. మొదటి నుంచీ తన అభిప్రాయం అదేనట. కోతులు తలలూపబోయాయి కూడా, వాటికి అలవాటు కదా.

తిరుపాలమ్మ గుడ్ల మీద నుంచి లేవకుండానే కేకేసింది. "అట్లాగే బావా. ఈసారి కూడా ఎదురుగా నువ్వే నిలబడు."

ఆయన ప్రసంగం అక్కడితో ఆగింది. మర్నాటి నుంచి ఆయన బొరియ ముందు పీతలు కూడా ఆగిపోయాయి. వాగు ఒడ్డున బురదలో సగం తోకతో సొంతంగా పీతలు పట్టుకుంటున్న నక్కను ఎవరైనా చూస్తే, అది పరంధామమే.

వేగానికి చప్పట్లు కొట్టేముందు, ఎంత లోతు దిగిందో ముక్కు పెట్టి చూసుకోవాలి.

దొంతికొండ వాలులో తిరుపాలమ్మ గుడ్లు పిల్లలైనది చైత్ర బహుళ చవితి, పొద్దెక్కే వేళ.