రాజుగారి ఇరవై బూరెలు

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు, ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. ఏ లెక్కకైనా తడుముకోకుండా జవాబు చెప్పేవాడు. జవాబు తప్పయితే ఆయన నలుగురు మంత్రులూ చప్పట్లు ఇంకొంచెం గట్టిగా కొట్టేవారు.

ఒకరోజు ఆయన మంత్రులను వెంటబెట్టుకుని పేరమ్మ పంతులమ్మ బడికి వచ్చాడు. పిల్లలు పలకల మీద ఒక్కో లెక్కనూ నాలుగైదు వరుసల్లో చేస్తున్నారు.

"జవాబు ఒక్క ముక్క. దానికింత చాంతాడెందుకు? బలపాలు దండగ! రేపటితో బడి మూసెయ్యి. ఇక్కడ గుర్రాలను కట్టిస్తాను."

పేరమ్మ చేతులు కట్టుకుంది.

"చిత్తం. మూసేముందు ఒక్క లెక్క ప్రభువులే చేసి చూపించాలి. విందులో తమకు రెండు బూరెలు, నలుగురు మంత్రులకూ తలా మూడు. మొత్తం ఎన్ని?"

"రెండూ మూడూ అయిదు. అయిదు నాలుగులు ఇరవై!"

మంత్రుల చప్పట్లకు కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

"రేపు ఇరవయ్యే వండిస్తాను ప్రభూ. వడ్డన నాది. లెక్క కుదిరితే గుర్రాలను నేనే తోలుకొస్తాను. కుదరకపోతే బడి ఉండాలి."

"అలాగే కానీ!"

మర్నాడు మధ్యాహ్నం పేరమ్మ ఒక్కో మంత్రికి అయిదేసి బూరెలు వడ్డించింది. రాజు దగ్గరికి వచ్చేసరికి బుట్ట ఖాళీ. ఆ కొలువులో రాజు కొరికాకే తక్కినవాళ్లు కొరకాలి. మంత్రులు నెయ్యి వాసన చూస్తూ కూర్చున్నారు.

"నా రెండూ ఏవమ్మా?"

"తమ లెక్క ప్రకారమే వడ్డించాను. తమ రెండూ మంత్రి మూడింటిలో కలిపి అయిదు చేశారు. ఆ అయిదూ నలుగురికీ పంచారు. ఇరవై సరిపోయింది, తమకే మిగల్లేదు. వరుసగా రాసి ఉంటే తప్పు అక్కడే దొరికేది. నాలుగు మూళ్లు పన్నెండు, అది మంత్రులది. తమ రెండూ కలిపితే పద్నాలుగు."

రాజు మంత్రులవైపు తిరిగాడు. "మీకెవరికీ తట్టలేదా?"

"తట్టింది ప్రభూ," అన్నాడు పెద్దమంత్రి. "చప్పట్ల మధ్య చెప్పే వీలు చిక్కలేదు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పంతులమ్మా, బడి నీదే! ఏటేటా బలపాలు నేను పంపిస్తాను" అని తన చేతి కంకణం తీసి ఇచ్చాడు. తరవాత పలక తెప్పించుకుని, నాలుక కొరుక్కుంటూ రాశాడు.

"మంత్రులు తలా రెండు వెనక్కి ఇస్తే, నాలుగు రెళ్లు ఎనిమిది. అందులో నావి రెండు పోతే ఆరు. ఆ ఆరూ బడిపిల్లలకు!"

మంత్రులు చప్పట్లు కొట్టబోయి ఆగారు. ముందు వేళ్ల మీద లెక్క సరిచూసుకున్నారు.