ప్రాగ్‌లో ఒకే ఒక్క ఫోటో

మండపేటలో ఎరువుల కొట్టు నడిపే గవర్రాజుకీ, ఆయన భార్య నాగరత్నానికీ ఒక గట్టి నమ్మకం ఉంది. ఊళ్ళో తమంత తెలివైన జంట ఇంకోటి లేదని. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా పాటిస్తారు మరి. అంతకన్నా తెలివి ఇంకేం కావాలి? మిగతావాళ్ళు సగం విని, మిగతా సగానికి సొంత బుర్ర వాడతారని, అందుకే అలా తగలడ్డారని నాగరత్నం జాలిపడేది కూడాను.

ఆ ఏడు కంపెనీవాళ్ళు ఎరువులు బాగా అమ్మిన డీలర్లని భార్యలతో సహా ప్రాగ్ తీసుకెళ్ళారు. యూరప్‌లో చెక్ దేశానికి రాజధాని అది. ఎటు చూసినా పాతకాలం కోటలూ, రాతి వంతెనలూ. నాగరత్నానికి అవేవీ అక్కర్లేదు. ఆవిడకి కావలసిందల్లా ఒకే ఒక్క ఫోటో. పెళ్ళి ఫోటోలో దండలు పడ్డాయి గానీ మొహాలు పడలేదు. ఆ తరవాత ఇద్దరూ కలిసి ఫోటో తీయించుకున్నదే లేదు. వెనకాల కోట, పక్కన మొగుడు, మధ్యలో తన నవ్వు. అలాంటి ఫోటో హాల్లో తగిలించుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోతోంది. సాయంత్రం బస్సెక్కితే ఇక విమానమే. తీస్తే ఈ పూటే తీయాలి.

వెంట వచ్చిన గైడు ఫణి తెలుగువాడే. ఊరి నడిబొడ్డున పెద్ద గడియారం చూపించి, "అంకుల్, గంట కొట్టగానే అందులోంచి బొమ్మలొస్తాయి. గడియారం కిందే నిలబడండి" అన్నాడు. అంతే. ఇద్దరూ వెళ్ళి గడియారం కింద గోడకి వీపులు ఆనించి నిలబడ్డారు. గంట కొట్టింది. వీళ్ళ నెత్తి మీద బొమ్మలు తిరుగుతుంటే ఎదురుగా జనమంతా ఫోన్లెత్తి కేరింతలు కొడుతున్నారు.

"ఏవండీ, అందరూ మనల్నే చూస్తున్నారేంటి?"

"ఎరువులు బాగా అమ్మామని తెలిసిపోయినట్టుందే" అని గవర్రాజు అందరికీ వంగి వంగి దండాలు పెట్టాడు.

"బొమ్మలు బాగున్నాయా ఆంటీ?" అని ఫణి అడిగితే, "నువ్వు కింద ఉండమన్నావు, ఉన్నాం. పైకి చూడమనలేదుగా నాయనా" అంది నాగరత్నం.

ఫణి తల పట్టుకుని, తన నీలం గొడుగు పైకెత్తాడు. "నీలం గొడుగు వెనకే రండి. దాని మీంచి చూపు తిప్పకండి."

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. ఇంకేముంది! ఊరంతా గొడుగులు విప్పారు. ఓ ముసలావిడ నీలం గొడుగు వేసుకుని ఎదురుగుండా పోతోంది. వీళ్ళు ఆ గొడుగునే చూస్తూ నడిచారు. దాని కిందున్న మనిషిని చూడమని ఎవరూ చెప్పలేదు. గొడుగు ట్రామ్ బండెక్కితే వీళ్ళూ ఎక్కి కూర్చున్నారు.

కాసేపటికి ఫణి ఫోన్ చేశాడు. "అంకుల్, ఎక్కడున్నారు?"

"గొడుగు వెనకే."

"అయ్యో, గొడుగు నా దగ్గరుంది! పక్కనేముందో చూడండి."

"బంగారు పైకప్పున్న పెద్ద థియేటరు."

"హమ్మయ్య! అక్కడే కూర్చోండి. అంగుళం కూడా కదలొద్దు!"

అంతే. ఇద్దరూ సీట్లకి అతుక్కుపోయారు. తరవాతి స్టాపులో ముసలావిడ దిగబోయింది. నాగరత్నం మొగుడి చొక్కా పట్టుకుని లాగింది. "గొడుగు వెనక వెళ్ళమన్నాడు, కదలొద్దనీ అన్నాడు. ఇప్పుడెలాగండీ?"

"నువ్వు కూర్చో, నేను గొడుగు వెనక వెళ్తాను. రెండు మాటలూ నిలబెట్టినట్టు ఉంటుంది."

"మీరు దిగిపోతే నేనొక్కదాన్నే ఫోటోలో పడతానండీ!" ఆవిడకి ఏడుపొచ్చేసింది. గవర్రాజు మెత్తబడి కూలబడ్డాడు. పెళ్ళయ్యాక ఆయన సొంతంగా తీసుకున్న నిర్ణయం బహుశా అదొక్కటే.

మళ్ళీ ఫోను. "అంకుల్, నేను థియేటర్ దగ్గరున్నా. మీరేరీ?"

"మేం అంగుళం కదల్లేదు బాబూ. థియేటరే వెళ్ళిపోయింది."

"ఇప్పుడేం కనబడుతోంది?"

"చర్చి. ఉండు... అదీ వెళ్ళిపోతోంది."

పాపం ఫణి టాక్సీ కట్టించుకుని, ట్రామ్ ఆఖరి స్టాపులో వాళ్ళని పట్టుకుని, కోటకి ఎదురుగా నది ఇవతలి ఒడ్డుకి తెచ్చి పడేశాడు. అక్కడ బస్సు హారన్ మీద హారన్ కొడుతోంది. లోపల డీలర్లంతా గోల. నాగరత్నం మాత్రం కదల్లేదు.

"బాబూ, ఒక్క ఫోటో. ఇద్దరిదీ. నీ కాళ్ళకి దండం పెడతాను."

ఆవిడ మొహం చూసి ఫణికి జాలేసింది. "తొందరగా రండి ఆంటీ." ఫోనెత్తి చూశాడు. "మీరు మరీ దగ్గరగా ఉన్నారు, కోట పడట్లేదు. చేయీ చేయీ పట్టుకుని, నవ్వుతూ నన్నే చూస్తూ మెల్లిగా వెనక్కి జరగండి. నేను ఆగమనేదాకా జరగండి."

ఇద్దరూ జరగడం మొదలెట్టారు. ఇంతలో బస్సు డ్రైవరు కేకలేశాడు. ఫణి అటు తిరిగి, "ఒక్క నిమిషం సార్" అని బతిమాలుకున్నాడు. ఆ ఒక్క నిమిషంలో వీళ్ళు మెట్లు దిగారు, ఒడ్డు నుంచి పడవకి వేసిన చెక్కబల్ల దాటారు, వెనక్కి వెనక్కి నడిచి ఆ షికారు పడవెక్కారు. చూపు ఫణి వీపు మీదే. నవ్వు చెక్కుచెదరలేదు. పడవ భోంయ్‌మని కూతేసి కదిలింది.

ఫణి ఇటు తిరిగి ఫోనెత్తాడు. కోట బ్రహ్మాండంగా పడింది. వంతెన పడింది. నది పడింది. మనుషులే లేరు. కళ్ళు చిట్లించి చూస్తే, నది మధ్యలో పడవ మీద, బియ్యపుగింజలంత ఇద్దరు చేయీ చేయీ పట్టుకుని నవ్వుతున్నారు.

"ఆగండీ!" అని గొంతు చించుకుని అరిచాడు.

పడవ చివర, కమ్మీకి వీపానించి, ఇద్దరూ ఠక్కున ఆగిపోయారు.

"ఆగాం బాబూ!" నీళ్ళ మీంచి నాగరత్నం సంబరంగా కేకేసింది. "ఇప్పుడు కోట పడుతోందా?"