గుంటమ్మ కోనలో గుంట ఎందుకు పూడ్చరు

నల్లమల అంచున, నాలుగు వరుసల రహదారికీ కంకర క్వారీకీ నడుమ నలిగిపోతున్న పద్దెనిమిది ఎకరాల పచ్చదనమే గుంటమ్మ కోన. చుట్టూ నీలగిరి తోటలు, ప్లాట్ల హద్దురాళ్లు. లోపల మాత్రం నల్లమద్ది, ఏగిస, బిల్లుడు, సోమిద, నేలవేము, సుగంధిపాల ఇంకా బతికే ఉన్నాయి. వాటి పేర్లు తెలిసినవారే తగ్గిపోయారు. ఇక్కడ గుడి లేదు, గోపురం లేదు, విగ్రహమూ లేదు. రెండు బండల మధ్య ఉన్న మోకాలిలోతు గుంటకే భక్తులు పసుపు చల్లి మొక్కుతారు. అమ్మవారిని చూద్దామని వచ్చి, ఖాళీ గుంట చూసి మొహం చిన్నబుచ్చుకునేవారు ఏటా ఉంటారు. ఈ కథ వారి కోసమే.

పూర్వం ఇక్కడ ఆమడల కొద్దీ అడవి ఉండేది. కోన కింది గూడెంలో ఈదమ్మ అనే మందులామె చలిజ్వరానికి పులితీగ గడ్డ నూరి ఇచ్చేది. ఆ గడ్డ తవ్వడానికి ఒక కట్టుబాటు ఉంది. తీగ అంటుకున్న తలభాగాన్ని కోసి, మళ్లీ గుంటలో పెట్టి మన్ను కప్పాలి. కింది ముక్కనే ఇంటికి తేవాలి. "తల తల్లికి, ఒళ్లు మనకు" అని అత్త ఆమెకు నేర్పింది. తల ఉంటే వానకు తీగ మళ్లీ లేస్తుంది.

ఆ రోజుల్లో రాజుగారికి ఇనుము కావలసి వచ్చింది. కొలుములు లేచాయి, బొగ్గు కోసం చెట్లు కూలాయి. దేశం బాగుపడుతోందని అందరూ సంతోషించారు. గూడెం మగవాళ్లకూ కూలి దొరికింది. నీడ పోయినచోటల్లా పులితీగ ఎండిపోయింది. ఈదమ్మ అది చూసింది గాని, కొండంత అడవిలో ఎక్కడో ఓచోట ఉండకపోతుందా అనుకుంది. ఆ ధీమాయే కొంప ముంచింది.

ఒక వానాకాలం చలిజ్వరం ముందుగా ఆమె ఇంట్లోనే అడుగుపెట్టింది. ఒక్కగానొక్క కూతురు బయ్యమ్మ మంచం పట్టింది. ఈదమ్మ రెండు రోజులు కోనంతా గాలిస్తే, రెండు బండల మధ్య ఒకే ఒక్క తీగ కనిపించింది. తవ్వి చూస్తే గడ్డ బొటనవేలంత ఉంది. తల వదిలితే మిగిలేది మందుకు చాలదు. కన్నకడుపు కట్టుబాటు వింటుందా? తలతో సహా నూరి పోసింది. మూడోనాటికి బయ్యమ్మ లేచి గంజి తాగింది.

ఆ మర్నాటి నుంచి జ్వరం ఇంటింటికీ పాకింది. "నీ బిడ్డకిచ్చిందే నా బిడ్డకియ్యి ఈదమ్మా" అంటూ తల్లులు వాకిట్లో నిలబడ్డారు. రేపు తెస్తానని ఆమె అందరికీ అబద్ధం చెప్పింది. ఆ రేపు రాలేదు. తొమ్మిదిమంది పిల్లలు పోయారు.

ఆఖరి బిడ్డను మట్టిచేసిన నాటి మధ్యాహ్నం ఈదమ్మ ఆ గుంట దగ్గరికి వెళ్లి, వేరు ముక్కైనా దొరకదా అని గోళ్లతో గీరింది. అలసి అక్కడే ఒరిగి నిద్రపోయింది. కలలో తల లేని తల్లి గుంటలో కూర్చుని ఉంది. మాట మన్నులోంచి వచ్చింది. "నా తల నీ బిడ్డ కడుపుల ఉన్నది. దాన్ని నేనడగ. ఈ గుంట పూడ్చకు. మిగిలిన చెట్లనన్న కాపాడు."

ఈదమ్మ గూడేనికి వెళ్లి తల్లులందరి ముందు నిజం చెప్పింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆమెతో మాట్లాడటం మానేశారు.

మరుసటి వేసవిలో రాజుగారి మనుషులు గొడ్డళ్లతో కోనలోకి వచ్చారు. ఈదమ్మ ఒక్కతే అడ్డు నిలిస్తే పక్కకు లాగేశారు. అప్పుడు పోయిన ఆ తొమ్మిదిమంది పిల్లల తల్లులూ వచ్చి గుంట చుట్టూ నిలబడ్డారు. వారిలో పెద్దదైన సాయమ్మ అడిగింది.

"ఇందుల మీ పిల్లల మందు ఏ చెట్టో చెప్పుండ్రి. దాన్నొక్కదాన్ని ఇడిసి, మిగిలినయన్ని కొట్టుకోండ్రి."

గొడ్డళ్లవాళ్లూ బిడ్డలున్నవాళ్లే. ఒక్కరూ చెప్పలేక వెనుదిరిగారు. అలా మిగిలింది ఈ కోన.

నేటికీ ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు, పువ్వు తెంపరు. రోడ్డు పడబోయే చోటి నుంచో, ప్లాట్లు వేయబోయే బీడు నుంచో ఒక అడవి మొక్కను వేరుమట్టితో తెచ్చి కోన అంచున నాటడమే మొక్కుబడి. అలా నాటినవారి ఇంట పసిపిల్లలు చల్లగా ఉంటారని నమ్మకం. పూజ చేసేది బయ్యమ్మ వంశపు ఆడబిడ్డ. తొలకరి పడిన మరునాడు ఆమె గుంట ముందు సాగిలపడి, పోయిన తొమ్మిదిమంది పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంది. ప్రతి పేరుకూ చుట్టూ ఉన్న భక్తులు "మా బిడ్డే" అంటారు. తర్వాత ఆమె పులితీగ గడ్డ మళ్లీ ఊరిందేమోనని గుంటలో చెయ్యి పెట్టి, తడిమట్టిని అడుగుదాకా తడిమి చూస్తుంది. ఇప్పటివరకు ఏమీ తగలలేదు.