ఉప్పుటేరమ్మ నీడమేత వ్రత కథ

అక్షతలు గుప్పిట పట్టి, చంటిపిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని కథను ఆలకింపుడు.

మున్నొకనాడు సాగరతీరమున సైకతముని లవణమునిని దర్శించి, "స్వామీ, కలియుగమున రొయ్యల చెరువునే నమ్ముకొని బ్రతుకు వారికి, రొయ్య ఎదుగక తెగులు పడినచో దారి యేది?" అని అడిగెను. లవణముని కన్నులు మూసి, తెరచి, ఇట్లు చెప్పెను.

ఉప్పుటేటి ఒడ్డున మొగలిలంక అను గ్రామమున తాతారావు, గంగారత్నము అను దంపతులు కలరు. వారికి ఎనిమిది నెలల ఆడుబిడ్డ. రెండు పంటలు వరుసగా పోయెను. రొయ్యలు పెంకు మెత్తబడి, పేగు ఖాళీయై, వ్రేలెడైనను ఎదుగక చచ్చెను. మూడవ పంటయు పోయినచో చెరువు విడిచి, బిడ్డను చంకనెత్తుకొని పట్నమునకు ఇటుకలు మోయ పోవలసినదే. గంగారత్నము బిడ్డకు అన్నము పెట్టుచు చెరువును చూచెడిది, చెరువుకు మేత వేయుచు బిడ్డను తలచెడిది. "తల్లీ, ఈ రెండు కడుపులూ నిలబెట్టు" అని ఉప్పుటేరమ్మకు మ్రొక్కెను.

మరునాటి ఉదయమున ఒక ముసలమ్మ వచ్చి మజ్జిగ అడిగెను. త్రాగి, మూతి తుడుచుకొని, "పెరుగు గడ్డలా తోడుకుందే అమ్మాయ్! ఆ చెయ్యే చెరువుకీ పెట్టు" అని నియమము చెప్పెను. బెల్లపు నీరు కాచి, బాగుగా చల్లార్చి, ప్రోబయాటిక్ పొడి కలిపి ఒక రాత్రి పులియనీయవలెను. వెల్లుల్లి రసము, జిగురు చేర్చి మేతకు పట్టించి, నీడలో ఆరబెట్టవలెను. ముందు చెరువులో దించిన మేత పళ్ళెము, చెక్‌ట్రే, ఎత్తి చూచి, మేత మిగిలినచో తగ్గించి వేయవలెను. "తెల్లమచ్చ తెగులు వచ్చాక ఇది మందు కాదే. రాకముందు పెట్టుకునే బలం" అని చెప్పి వెడలిపోయెను.

గంగారత్నము అట్లే చేసెను. నెల తిరుగకమునుపే రొయ్యలు పేగు నిండి, మీసము పొడవై, మిసమిసలాడెను.

అంతలో బిడ్డకు జ్వరము తగిలెను. గంగారత్నము నియమమును భర్తకు అప్పగించి, పది దినములు ఆసుపత్రిలో ఉండెను. బిడ్డ కోలుకొనెను గాని, తిరిగి వచ్చునప్పటికి చెరువుపై తెల్లని దారములవలె రొయ్యల రెట్ట తేలుచుండెను, గట్టు వెంబడి రొయ్యలు నీరసించి చేరెను.

తాతారావు, "నువ్వు చెప్పినట్టే కలిపాను. మీ అమ్మవారే మోసం చేసింది" అని విసుగుకొనెను. గంగారత్నము వాదింపక, "రేపు కలిపేటప్పుడు చూస్తాను" అనెను.

తెల్లవారి చూడగా, అతడు పొయ్యి మీద మరుగుచున్న బెల్లపు నీటిలోనే పొడి గుమ్మరించి, అప్పుడే మేతకు పట్టించి, గచ్చుపై మండుటెండలో పరచెను. చెక్‌ట్రే వైపు తొంగియైనను చూడలేదు.

"ఏవండీ, మరిగే పాలల్లో తోడేస్తే పెరుగవుద్దా?"

"పెరుక్కీ రొయ్యకీ ఏంటే సంబంధం?"

అత్త సత్తెమ్మ, "ఏడో తరగతితో ఆపేసింది, పంతులమ్మ కబుర్లు మాత్రం బాగా చెప్పుద్ది" అని ఎకసెక్కమాడెను.

"ఆ పొడీ ప్రాణమున్న తోడే అత్తా. మీ అబ్బాయి దాన్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, శవాన్ని మేపాడు" అనెను గంగారత్నము. తాతారావు గరిటె క్రింద పెట్టెను.

"చచ్చినవి చచ్చాయి. ఉన్నవాటిని వదలను" అని ఆమె కొంగు బిగించి, ఒక దినము మేత ఆపెను. పిమ్మట మరల నియమము పట్టెను. తాతారావు నీడన చాపలు పరచెను, సత్తెమ్మ వెల్లుల్లి దంచెను. పదునైదు దినములకు రెట్ట తెగెను, పెంకు గట్టిపడెను. పట్టుబడి నాడు వలలో సగము చెరువు పంటయే వచ్చెను గాని, ఒక్కొక్క రొయ్య ఆ పసిబిడ్డ చేతి జానెడంత ఉండెను. వారు చెరువు విడువలేదు. ఆ సాయంకాలము ముసలమ్మ వచ్చి, మజ్జిగ త్రాగి, బిడ్డ బుగ్గ పుణికి, ఏటి వైపు నడచి కానరాక పోయెను.

కావున చెరువు గలవారు, కౌలుకు చేయువారు, మేత చల్లు కూలివారు, చంటిబిడ్డల తల్లులు ఈ వ్రతము చేయవలెను. చేసినవారి రొయ్యకు పేగు నిండును, బిడ్డకు ఒళ్ళు పట్టును, ఇల్లు ఊరు విడువదు. ఉద్యాపనమున ఐదుగురు ముత్తైదువులకు గడ్డపెరుగు వాయనమీయవలెను.

కథలో మాట తడబడినను తల్లి మన్నించును. మేత కలుపు చేయి తొందరపడినచో, మన్నించుట రొయ్యకు తెలియదు.