గట్టు మీద నలభై పారలు

ఆ చెంబు కింద పెట్టి ఇటు చూడండి. మిమ్మల్నే అంటున్నాను. నిన్న సర్పంచి గారు బడి దగ్గర కాలువ పూడిక తీద్దాం, ఇంటికొకరు రండి అని మైకులో మూడుసార్లు పిలిచారు. మీ ఇంటి నుంచి ఏమొచ్చింది? పార వచ్చింది. తెచ్చినవాడు దాన్ని బడి గోడకు ఆనించి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. సాయంత్రం మీరు అరుగు మీద కూర్చుని, మా పార పంపాం కదా అన్నారు. సిగ్గు లేకుండా అన్నారు. ఓటు వేసే రోజున మాత్రం పార పంపరు. ఆ రోజు మనిషే వెళ్తారు.

సరే, వినండి. ఇంతకు ముందు చెప్పాను. మళ్ళీ చెప్పాల్సి వస్తోంది.

కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, మన తాతల తాతలు ఇంకా పుట్టని రోజుల్లో, గెడ్డ ఒడ్డున ఒక ఊరుండేది. గెడ్డంటే కొండల్లోంచి దిగే వాగు. ఎండాకాలం మేక దాటుతుంది. వానాకాలం ఏనుగును ఎత్తుకుపోతుంది. ఊరికీ ఆ గెడ్డకూ మధ్య ఉన్నది ఒక్క మట్టి గట్టు.

ఊళ్ళో నలభై గడపలు. ఊరి చివర నలభై ఒకటో గడప మేదర సీమన్నది. వెదురు చీల్చి తట్టలు, బుట్టలు, చేటలు అల్లేవాడు. భార్య పోయింది. పిల్లలు లేరు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు.

ఆ ఊరికి పెద్దను ఊరే ఎన్నుకునేది. మూడు కుండలు పెట్టేవారు. కుండకొక మనిషి పేరు. ఇంటికొక చింతగింజ. నచ్చినవాడి కుండలో గింజ వేసి వెళ్ళేవారు. ఆ ఏడు మొదటి కుండ గుంపస్వామిది. ఊళ్ళో అందరికంటే పెద్ద ఇల్లు అతనిది, పెద్ద మడి అతనిది. రెండో కుండ పాత పెద్దది. మూడో కుండకు మనిషి దొరకలేదు. కుండల మీద మూతలు పెట్టడానికి వచ్చిన సీమన్నను చూసి, నీ పేరే పెట్టేస్తాం లే అని నవ్వారు.

గింజలు లెక్కపెడితే సీమన్న కుండ నిండింది.

అతను మంచివాడని వేశారనుకుంటున్నారా? కాదు. గుంపస్వామి పెద్ద అయితే కసురుతాడు. పాత పెద్ద అయితే ఇల్లిల్లూ తిరిగి లేపుతాడు. సీమన్న అయితే ఏమీ అనడు. అందుకని వేశారు. అడగలేనివాణ్ణి చూసి ఎన్నుకున్నారు.

సీమన్న మాత్రం ఆ గింజలను నిజమనుకున్నాడు. ముందుగా నలభై ఇళ్ళకూ నలభై తట్టలు అల్లి ఇచ్చాడు. తర్వాత డప్పు మెడలో వేసుకుని వీధి వీధీ తిరిగాడు.

"ఊరికి మూడు పనులున్నాయి. తాగే బావి, కొండ దారి, గెడ్డ గట్టు. ఇంటికో మనిషి, మనిషికో పార. పొద్దెక్కక ముందే రండి."

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మంచాన పడ్డవాళ్ళ ఇంటికి, మగదిక్కు లేని ఇంటికి ఒక వెసులుబాటు ఉండేది. వాళ్ళు పార పంపితే చాలు, మనిషి వచ్చినట్టే. ఆ పారతో పక్కింటివాళ్ళు వాళ్ళ వంతు పని చేసి పెట్టేవారు. మంచి పద్ధతి. జబ్బుపడ్డవాళ్ళ కోసం పెట్టిన పద్ధతి.

మొదటి పని బావి. ఆ పొద్దున గుంపస్వామి తన పాలేరు చేత పార పంపించాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. ముందు రోజే రెండు బస్తాలు భుజాన మోశాడు. పాలేరు పార బావి గట్టున గుచ్చి వెళ్ళిపోయాడు. ఎవరో వెళ్ళి అడిగితే గుంపస్వామి, పార వచ్చిందా లేదా అని ఎదురు అడిగాడట. బుట్టలల్లేవాడు డప్పు కొడితే నేను వెళ్ళి మట్టి ఎత్తాలా అన్నాడట.

అది చూసి సగం ఊరికి బుద్ధి పుట్టింది. అతని పార చెల్లితే మన పార ఎందుకు చెల్లదు అనుకున్నారు. సాయంత్రానికి బావి సగమే పూడిక తీశారు.

రెండో పని కొండ దారి. గెడ్డ పొంగితే ఊరు పైకి ఎక్కాల్సిన దారి అది. తుప్పలు పెరిగి, రాళ్ళు జారి ఉంది. సీమన్న మళ్ళీ డప్పు కొట్టాడు. ఇంటికో మనిషి, మనిషికో పార, పొద్దెక్కక ముందే రండి. ముగ్గురు మనుషులు వచ్చారు. మిగతావన్నీ పారలు. ఆ ముగ్గురిలో ఒకరు నీలయ్యమ్మ. దిగువ వీధిలో ఉండే ముసలి విధవ. కొడుకు కాళ్ళు చచ్చుబడి మంచంలో ఉన్నాడు. పార పంపే హక్కు ఊళ్ళో ఎవరికైనా ఉందంటే ఆమెకే ఉంది. ఆమె పార పంపలేదు, తానే వచ్చింది. దారి మంచం పట్టేంత వెడల్పు అయ్యేసరికి పొద్దు గుంకింది. దారి మలుపులో అడ్డంగా జారిన బండ ఒకటి మాత్రం అలాగే ఉండిపోయింది.

మూడో పని గట్టు. ఇది అన్నిటికంటే పెద్దది. గట్టును నలభై వంతులు చేసి ఇంటికొక వంతు పంచారు. ఎవరి వంతు మీద వారే మన్ను వేయాలి. ఒకరి వంతు మీద అడగకుండా ఇంకొకరు చెయ్యి వేస్తే ఆ ఇంటికి తలవంపు. పార పంపిన ఇంటి వంతు మీద మాత్రం ఎవరైనా పని చేయొచ్చు.

సీమన్న డప్పు కొట్టాడు. ఇంటికో మనిషి, మనిషికో పార, పొద్దెక్కక ముందే రండి. పొద్దెక్కింది. గట్టు మీద నలభై పారలు వరసగా నిలబడ్డాయి. ఒక్క మనిషి లేడు. నీలయ్యమ్మ కొడుక్కి ఆ రోజు జ్వరం ఎక్కువై ఆమె కూడా పారే పంపింది. నలభైలో నిజమైన పార అదొక్కటే.

సీమన్న ఎవరి ఇంటికీ తిట్టడానికి వెళ్ళలేదు. నేనైతే వెళ్ళేవాణ్ణి. అతను మొదటి ఇంటి పార పెరికాడు. ఆ ఇంటి పారతో ఆ ఇంటి వంతు మీద మన్ను వేశాడు. తట్ట దించే ముందు ఆ ఇంటి పేరు పలికాడు, తర్వాత వచ్చామని తానే బదులు పలికాడు. రెండో పార, రెండో వంతు. మూడో పార, మూడో వంతు. ప్రతి తట్టకూ ఇంటి పేరు, ప్రతి పేరుకూ తానే బదులు.

మధ్యాహ్నం నీలయ్యమ్మ ముంతతో అంబలి తెచ్చింది. పారల వరస చూసింది.

"ఏరా సీమన్నా, నీ మనుషులందరూ బాగా నిలబడ్డారే. అంబలి వీళ్ళక్కూడా పోయనా?"

"తాగరు పిన్నీ. వీళ్ళలో ఉన్న మంచి గుణం అదొక్కటే."

"నువ్వు ఇలా చేస్తూ ఉంటే వాళ్ళు ఎప్పటికీ రారు."

"నేను చెయ్యకపోతే గెడ్డ వస్తుంది పిన్నీ."

అలా ఇరవై రోజులు. ముప్పై తొమ్మిది వంతులు అయ్యాయి. నలభయ్యోది గుంపస్వామిది. గెడ్డ మలుపు తిరిగే చోట, నీళ్ళు నేరుగా వచ్చి కొట్టే చోట ఉంది. దాని వెనకే గుంపస్వామి పల్లపు మడి. మడి వెనకే దిగువ వీధి. నీలయ్యమ్మ ఇల్లు, ఇంకో పన్నెండు ఇళ్ళు అక్కడే ఉన్నాయి. ఆ వంతు తెగితే ముందు మునిగేది వాళ్ళే.

గుంపస్వామి పార దగ్గరికి వచ్చి చూస్తే దానికి కామ లేదు, అంటే పట్టుకునే కర్ర లేదు. ఇనప రేకును మట్టిలో గుచ్చి పెట్టించాడు. గుచ్చడానికి కర్ర ఎందుకు అనుకున్నాడు కాబోలు. సీమన్న వేరే పార తీసుకుని మట్టి తవ్వబోతే పాలేరు పరిగెత్తుకొచ్చాడు. మా అయ్య వంతు మీద చెయ్యి వేయవద్దన్నారు, తానే వేసుకుంటారట అని చెప్పాడు.

సీమన్న గుంపస్వామి ఇంటికి వెళ్ళాడు. గుమ్మం బయటే నిలబడి, వంతు మీద మన్ను వేయమని బతిమాలాడు. గుంపస్వామి, రేపు చూద్దాం, ఈ రోజు తల నొప్పిగా ఉందన్నాడు. రెండో రోజు వెళ్ళాడు. చుట్టాలు వచ్చారు, రేపు చూద్దామన్నాడు. మూడో రోజు వెళ్ళాడు. అప్పటికి కొండల మీద మబ్బు నల్లగా దిగింది. మంగళవారం మట్టి ముట్టుకోను, రేపు చూద్దామన్నాడు. అయినా నా పార అక్కడ ఉంది కదా అని కూడా అన్నాడు.

అప్పుడు సీమన్న పలికాడు. ఊళ్ళో అతని గొంతు కాస్త పెరగగా విన్నది ఆ ఒక్కసారే.

"అయ్యా, గెడ్డ పారను చూసి ఆగదు. మనిషిని చూసీ ఆగదు. మన్నును చూసే ఆగుతుంది. మీ పరువు మీ దగ్గరే ఉంచుకోండి. మన్ను నేను వేస్తున్నాను."

వెనక్కి తిరిగి గట్టు మీదికి వెళ్ళాడు. తట్ట మీద తట్ట పోశాడు. ఊళ్ళో చినుకు లేదు. కొండల్లో మాత్రం అప్పటికే కుండపోత. మిట్టమధ్యాహ్నం గెడ్డ ఎర్రగా తిరిగింది. నీళ్ళు గట్టు నడుముకు వచ్చాయి, తర్వాత భుజానికి వచ్చాయి.

సీమన్న డప్పు అందుకున్నాడు. ఇంటికో మనిషి, మనిషికో పార, ఇప్పుడే రండి అని కొట్టాడు.

ఊరు విన్నది. అందరూ విన్నారు. విని ఏమనుకున్నారో తెలుసా? మన పార అక్కడే ఉంది కదా అనుకున్నారు. అన్నం తింటున్నవాడు తింటూనే ఉన్నాడు. పడుకున్నవాడు అటు తిరిగి పడుకున్నాడు.

కదిలింది నీలయ్యమ్మ ఒక్కతే. పొద్దెక్కక ముందు మోగే డప్పు మిట్టమధ్యాహ్నం ఎందుకు మోగుతోంది అనుకుంది. బయటికొచ్చి గెడ్డ మలుపు వైపు చూసింది. దిగువ వీధిలో పన్నెండు తలుపులూ బాదింది. పిల్లలను, ముసలివాళ్ళను, మేకలను కొండ దారి పట్టించింది. ఆమె కొడుకును మంచంతో సహా నలుగురు మోశారు. తీయకుండా వదిలేసిన బండ దగ్గర మంచం ఇరుక్కుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. కింద గట్టు మీది నుంచి సీమన్న అది చూశాడు. గుంపస్వామి వంతు మీద మన్ను కరిగిపోతోంది. అతను ముప్పై తొమ్మిది పారలూ పెరికి, గట్టు పగిలే చోట అడ్డంగా, నిలువుగా గుచ్చాడు. వాటి మధ్య మన్ను పోశాడు. మన్ను అందనప్పుడు వీపు ఆనించాడు.

పైన మంచాన్ని పక్కకు వంచి, మనిషిని భుజాన వేసుకుని బండ దాటించారు. నీలయ్యమ్మ కొండ మీది నుంచి అరిచింది.

"అందరం ఎక్కేశాం సీమన్నా. వచ్చెయ్ నాయనా."

అతను విన్నాడు. తల ఎత్తాడు. అప్పుడే గట్టు తెగింది.

దిగువ వీధిలో పదమూడు ఇళ్ళు పోయాయి. ఒక్క ప్రాణం పోలేదు. పోయిన ప్రాణం సీమన్నది. మర్నాడు నీళ్ళు తీశాక రెండు పొలాల అవతల దొరికాడు. తట్ట పిడి చేతిలోనే ఉంది.

ఆ రోజు నలభై గడపల మనుషులూ గట్టు మీదికి వచ్చారు. పిలవకుండానే వచ్చారు. తమ పారలను బురదలో వెతికి తీసుకున్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. మూడు రోజుల్లో గండి పూడ్చారు. మూడే రోజులు. అంత చిన్న పని.

అప్పటి నుంచి ఆ మలుపు దగ్గర వంతును సీమన్న వంతు అంటారు. ఇప్పటికీ ఏటా గట్టు పని మొదలుపెట్టేటప్పుడు ఊరి పెద్ద మొదటి తట్ట అక్కడ పోసి సీమన్న పేరు పిలుస్తాడు. వచ్చామని ఊరంతా ఒక్క గొంతుతో పలుకుతుంది. పార పంపే పద్ధతి ఎత్తేశారు. జబ్బుపడ్డవాళ్ళ వంతు ఊరే చేస్తుంది, పార అడగదు. వస్తాం, చేస్తాం అని ఎవరైనా మాట ఇస్తే ముసలమ్మలు వెంటనే అడుగుతారు, మనిషా, పారా అని. పెళ్ళి పిలుపుకైనా అడుగుతారు, చావు కబురుకైనా అడుగుతారు.

ఇక గుంపస్వామి సంగతి. గెడ్డ అతని పల్లపు మడి మీదుగానే పోయింది. పోతూ పోతూ నడుము లోతు ఇసుక మేట వేసి పోయింది. అతని గాదెలు నింపింది ఆ మడే. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పాలేరు ఆ వారమే వెళ్ళిపోయాడు. గుంపస్వామి తానే డప్పు కొట్టుకుంటూ వీధి వీధీ తిరిగాడు. ఇంటికో మనిషి, మనిషికో పార, పొద్దెక్కక ముందే రండి.

పొద్దున మడి దగ్గరికి వెళ్ళి చూశాడు. ఇసుకలో వరసగా పారలు నిలబడి ఉన్నాయి. లెక్కపెడితే ముప్పై ఎనిమిది. అది న్యాయమని నేను చెప్పను. కానీ అలా జరిగింది.

ముప్పై తొమ్మిదో ఇంటి నుంచి మనిషే వచ్చింది. నీలయ్యమ్మ. ఒక తట్ట ఇసుక ఎత్తి గట్టు అవతల పోసి, చేతులు దులుపుకుంది.

"నా వంతు అయింది నాయనా. మిగతా ఊరు కూడా వచ్చినట్టే కదా. ఈ లెక్క నేర్పింది నువ్వే."

గుంపస్వామి తన పార కోసం చూశాడు. దానికి కామ లేదు. ఊరివాళ్ళ పారల్లో ఒకటి పెరికి తవ్వాడు. మూడేళ్ళు తవ్వాడు. పగలు ఎత్తిన ఇసుకను సాయంత్రం గాలి మళ్ళీ తెచ్చి పోసేది. మొదటి ఏడు గాదెలు ఖాళీ అయ్యాయి. రెండో ఏడు ఎడ్లు పోయాయి. మూడో ఏడు పెద్ద ఇల్లు పోయింది. పుట్లకు పుట్లు పండించిన మనిషి, చచ్చేదాకా దిగువ వీధి అంబలి తాగి బతికాడు. ముంత అందించే ముందు నీలయ్యమ్మ ప్రతిరోజూ ఒకే మాట అడిగేది, మనిషా, పారా అని. అతను మనిషినే అని పలికేదాకా ముంత వదిలేది కాదు. ఆ మడి మాత్రం ఈ రోజుకీ ఇసుకే.